మోకాళ్ళకి ఎంత రాద్దాం

మార్చి 4, మంగళవారం

ఈ డైరీ కొనమన్నది లెక్కల బాబాయి. రోజూ ఏ పని చేశానో, ఎవరి దగ్గర ఎంత తీసుకున్నానో అందులో రాసుకోవాలట. "ఇకనుంచైనా కాస్త పద్ధతిగా ఉండు అబ్బాయ్" అన్నాడు. పన్నెండేళ్ళుగా నా పన్ను రిటర్నులు రాసి పంపుతున్నది ఆయనే. పద్ధతి తప్పింది మాత్రం నేనట.

సరే, పద్ధతిగా రాస్తున్నాను. ఇవాళ చేసిన పని: మూడో అంతస్తు ఫ్లాట్లో బాత్రూమ్ పాత టైల్స్ పగలగొట్టడం. తీసుకున్నది: ఇంటి యజమానురాలి చేత తిట్లు, దుమ్ము లేచిందని. దుమ్ము లేవకుండా పగలగొట్టే విద్య నాకు రాదు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ చేతిలో కవరు. సంతకం పెట్టి తీసుకుందట. పన్నుల ఆఫీసు నుంచి. మీరు చూపించిన ఇంటి ఖర్చుతో నలుగురు మనుషుల కుటుంబం బతకడం సాధ్యం కాదు, ఎలా బతుకుతున్నారో వచ్చి వివరించండి అని ఉంది. ఎలా బతుకుతున్నావురా అని ఇన్నేళ్ళలో చుట్టాలు కూడా అడగలేదు.

మార్చి 5, బుధవారం

భయమేమీ లేదు. పొట్ట ఒక్కటే కొంచెం బాగాలేదు.

మార్చి 7, శుక్రవారం

లెక్కల బాబాయి విడమరిచి చెప్పాడు. నేను చాటుగా నగదు తీసుకుని, ఆ నగదుతో ఇల్లు నడుపుతూ, పైకి మాత్రం బీద అరుపులు అరుస్తున్నానని వాళ్ళ అనుమానం. అది రుజువైతే నా కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారు. అది లేకపోతే నా పేరు మీద ఒక కుళాయి బిగించే పని కూడా ఒప్పుకోకూడదు.

ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలో చెప్పడానికి మా బావ సాయంత్రమే వచ్చాడు. బావంటే మా ఆవిడ అన్నయ్య. పెద్ద పెద్ద బిల్డింగులు కట్టిస్తాడు. కారు దిగకుండా అద్దం దించి మాట్లాడతాడు, పలకరించడానికి వచ్చాడో అడ్రసు కనుక్కోవడానికి వచ్చాడో తెలియదు. పెళ్ళైన కొత్తలో ఆయన కింద రెండేళ్ళు పనిచేశాను. ఆ రెండేళ్ళ గురించి ఈ డైరీలో రాసి కాగితం పాడుచెయ్యను.

"సూపర్‌వైజరుగా వచ్చెయ్ బావా. నెల తిరిగేసరికి జీతం. ఈ తలనొప్పులేవీ ఉండవు" అన్నాడు.

"ఆలోచిస్తాను బావా" అన్నాను.

"ఇందులో ఆలోచించడానికేముంది, నీకు ఇంకో దారి ఉందా ఏంటి?" అని అద్దం ఎత్తేశాడు.

మా ఆవిడ లోపలికొచ్చాక చెప్పింది. "మీరు అక్కడ చేరారంటే నేను మా వదిన ముందు రోజూ చేతులు కట్టుకోవాలి. ఏం చేస్తారో నాకు తెలీదు, ఆ రిజిస్ట్రేషన్ పోకూడదు."

పోదు. తప్పు చేసినవాడు కదా భయపడాల్సింది.

మార్చి 8, శనివారం

పొట్ట ఇంకా బాగాలేదు. నిన్నటి కూర వల్ల.

మార్చి 9, ఆదివారం

అసలు సంగతి ఇది. రేపు ఆఫీసులో ఎలా చెప్పాలో తెలియక ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

మా వీధిలో మేం నలుగురం జీతగాళ్ళం కాము. నేను బాత్రూమ్‌లు కడతాను. ఎదురింట్లో టైలరమ్మ బట్టలు కుడుతుంది. మలుపులో మోకాళ్ళ డాక్టరు. మందులివ్వడు, కాళ్ళూ నడుమూ పట్టి వంచి తిప్పి నొప్పి తీసేస్తాడు. వీధి చివర లెక్కల బాబాయి. మాలో మాకు డబ్బు తీసుకునే అలవాటు లేదు. డాక్టరు క్లినిక్ బాత్రూమ్ నేను చేశాను, ఆయన మా అమ్మ మోకాళ్ళు చూస్తాడు, నావీ చూస్తాడు. టైలరమ్మ మిషన్ల గదిలో గచ్చు నేను వేశాను, మా అమ్మాయి యూనిఫాములు, మా ఇంటి పరదాలు ఆవిడ కుడుతుంది. బాబాయి వంటింటి సింకు నేను మార్చాను, నా రిటర్నులు ఆయన రాస్తాడు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఎంతని అడగడం మాత్రం ఎవరూ ఎరగరు.

కాబట్టి మా ఇంట్లో వైద్యం ఖర్చు సున్నా. కుట్టుకూలి సున్నా. ఆడిటరు ఫీజు సున్నా. బాబాయి ఉన్నది ఉన్నట్టు సున్నాలు పెట్టుకుంటూ పోయాడు. అబద్ధం ఒక్కటి లేదు. అబద్ధాలు రాసినవాళ్ళందరూ హాయిగా నిద్రపోతున్నారు.

మార్చి 10, సోమవారం

పన్నుల ఆఫీసు రెండో అంతస్తు. లిఫ్ట్ మీద "మరమ్మతులో ఉంది" అన్న కాగితం, ఆ కాగితమే పాతబడి పసుపుపచ్చగా ఉంది. మెట్లెక్కేసరికి నా మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి.

ఆఫీసరు ఒక మేడమ్. కోపం లేదు, అరుపు లేదు, గొంతు పెంచదు. నేను గడగడా మొదలుపెడితే చెయ్యెత్తి "నిదానంగా చెప్పండి, నాకు తొందరేం లేదు" అంది. అరిచేవాళ్ళతో నాకు అలవాటే, నా చేత పని చేయించుకునే పార్టీలందరూ అరుస్తారు. నిదానంగా కూర్చుని ఎదురుచూసే మనిషిని ఏం చెయ్యాలి? ఇక్కడ ఆమెని నిదానం మేడమ్ అనే రాస్తాను.

కాగితం చూసి ఒక్కొక్కటే చదివింది. "వైద్యం, ఏమీ లేదు. బట్టలు కుట్టించడం, ఏమీ లేదు. మీ ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగుండకపోవడమంటూ ఉండదా?"

"ఉండదండి" అన్నాను.

ఇంకో వారం గడువిచ్చింది. లేచి నిలబడ్డాను. రెండు మోకాళ్ళూ ఒకేసారి టకటకమన్నాయి. ఆమె తల ఎత్తి నా కాళ్ళ వంక చూసి, మళ్ళీ కాగితం వంక చూసింది. నిదానంగా పెన్ను తీసి ఏదో రాసుకుంది.

మార్చి 12, బుధవారం

మా నలుగురి పనుల మార్పిడి సంగతి ఆమెకి చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. నా సున్నాల గుట్టు చెబితే ఆ ముగ్గురి సున్నాలూ బయటపడతాయి. వాళ్ళకీ ఇలాంటి కవర్లే వస్తాయి. నన్ను నమ్మి పని చేసినవాళ్ళని పట్టిచ్చి నేను ఒడ్డున పడటమా? నన్ను కోసినా పేర్లు చెప్పను.

ఈ మాట లెక్కల బాబాయికి చెబితే కళ్ళజోడు తుడుచుకుని "మంచిది అబ్బాయ్" అన్నాడు. కళ్ళు చెమర్చాయనుకుంటాను.

డాక్టరు దగ్గర మాత్రం ఈ వారం మోకాళ్ళు చూపించుకోలేదు. ఎవరైనా చూస్తుంటారేమోనని. భయం కాదు, జాగ్రత్త.

మార్చి 15, శనివారం

నన్ను కోసినా చెప్పను.

మార్చి 17, సోమవారం

చెప్పేశాను.

అడిగితే కదా కొయ్యడం. ఆమె అడగనే లేదు. "కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?" అంది. తాగాను. ఆ తర్వాత ఆమె ఊరికే నా వంక చూస్తూ కూర్చుంది. అంతే, కుళాయి తిప్పినట్టు మొత్తం వచ్చేసింది. ముగ్గురి పేర్లూ చెప్పాను, అడ్రసులు చెప్పాను. టైలరమ్మ ఇల్లు మలుపుకి ఇవతలా అవతలా అని ఆమెకి సందేహమొస్తే కాగితం మీద వీధి బొమ్మ గీసి చూపించాను. బొమ్మ బాగా వచ్చింది, పనిలో అలవాటు కదా.

విని ఆమె నవ్వింది. నవ్వుతుందని అనుకోలేదు. "ఇందులో దాచాల్సిందేముందండీ? మార్పిడి కూడా ఆదాయమే. దాని విలువ రాసి చూపించాలి, అంతే" అంది. నలుగురూ కలిసి కూర్చుని, ఎవరు ఎవరికి ఏ పని చేశారో, దాని న్యాయమైన విలువ ఎంతో రాసి, సంతకాలు పెట్టి ఇస్తే చాలట. మిగతా ముగ్గురివీ చిన్న మొత్తాలు కాబట్టి వాళ్ళ మీద విచారణ ఉండదట. నాకు కొంచెం జరిమానాతో సరిపోతుందట. ఇక మీదట ప్రతినెలా మార్పిడి పనులు రాసివ్వాలి. మళ్ళీ దాచినట్టు తేలితే మాత్రం రిజిస్ట్రేషన్ పోయినట్టే అని కూడా, అంతే నిదానంగా చెప్పింది.

ఇంతేనా? దీనికా నేను రెండు వారాల నుంచి గంజి తాగుతున్నది?

ముగ్గురికీ చెప్పాను. పేర్లు చెప్పినందుకు ఎవరూ తిట్టలేదు. టైలరమ్మ "పోనీలే అన్నయ్యా, ఎన్నాళ్ళు దాస్తావ్" అంది. డాక్టరు "వారం ఆగావు మేస్త్రీ, నువ్వు మొదటిరోజే కక్కేస్తావనుకున్నా" అన్నాడు. స్నేహితుడంటే వాడు.

మార్చి 23, ఆదివారం

ఇవాళ జరిగింది రాయాలని లేదు. అయినా రాస్తాను.

క్లినిక్‌కి సెలవు కాబట్టి అక్కడే కూర్చున్నాం. డాక్టరు, టైలరమ్మ, బాబాయి, నేను, మా ఆవిడ. బాబాయి పెద్ద కాగితం పరిచి గీతలు గీసుకున్నాడు. మొదట అంతా మర్యాదే.

"నేను కుట్టినవాటికేముంది బాబాయ్, ఏదో ఒకటి రాసెయ్యండి" అంది టైలరమ్మ.

"నా పనికి మాత్రం ఏముంది, సగం సామాను మిగిలిపోయిందే వాడాను" అన్నాను నేను.

"నేను చేసింది చేతుల పనే కదా, పెట్టుబడేం లేదు" అన్నాడు డాక్టరు.

బాబాయి పెన్ను పక్కన పెట్టాడు. "ఇలా రాస్తే మేడమ్ నవ్వుతుంది. న్యాయమైన విలువ కావాలంది. బయటివాడికైతే ఎంత తీసుకుంటారో అది చెప్పండి."

అక్కడ చెడింది. డాక్టరు గోడ మీద రేట్ల బోర్డు ఉంది. బాబాయి తల తిప్పి చూశాడు. మా అమ్మ రెండు మోకాళ్ళు, నా రెండు మోకాళ్ళు, వారానికి రెండుసార్లు, నాలుగేళ్ళు. గుణించి కాగితం మీద వేశాడు. ఆ అంకె చూసి మా ఆవిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు తెలిసి ఆ డబ్బుతో కొత్త కాళ్ళే వస్తాయి.

"మరి ఈ బాత్రూమ్‌కి ఎంత రాద్దాం?" అన్నాడు బాబాయి.

"బాత్రూమ్ ఎంతుంది బాబాయ్, చిన్నదేగా" అన్నాడు డాక్టరు.

చిన్నదే. ఆ మాట అనకుండా ఉండాల్సింది. పాత గొట్టాలు కుళ్ళిపోతే కింది అంతస్తువాడితో తిట్లు తిని గొట్టాలు మొత్తం మార్చాను. రోగులు జారిపడకూడదని గరుకు టైల్స్ వెతికి వెతికి తెచ్చాను. నీళ్ళు మూలకి నిలుస్తున్నాయంటే వేసిన గచ్చు తవ్వి మళ్ళీ వేశాను. ఒక్కమాట అడగలేదు.

"చిన్నదే. నాలుగేళ్ళు పట్టినా నా మోకాలు టకటకమంటూనే ఉంది, అదీ చిన్నదే" అన్నాను.

"గొంతుక్కూర్చుని పనిచెయ్యొద్దని నాలుగేళ్ళుగా చెప్తున్నా. విన్నావా?"

"నిలబడి గచ్చు వేసేవాణ్ణి ఎవడినైనా చూపించు, వాడి కాళ్ళకి దణ్ణం పెడతా."

"నా వైద్యం పనిచెయ్యలేదంటావ్ అయితే."

"నా బాత్రూమ్ చిన్నదన్నది ఎవరు?"

అప్పటిదాకా మా గొడవ వింటున్న టైలరమ్మ "డాక్టరుగారివి అంత రాస్తుంటే నావీ కొంచెం పెంచండి బాబాయ్. పరదాలకి అస్తరు కూడా వేశాను" అంది. ఆ అస్తరు సంగతి నాకు ఇవాళే తెలిసింది. ఇక మా ఆవిడ అందుకుంది, ఆ పరదాలు పొట్టిగా వచ్చాయనీ, మొహమాటానికి ఇన్నాళ్ళూ ఏమీ అనలేదనీ. బాబాయి మధ్యలో దూరి "నేను రాసిన రిటర్నులకి ఎవరూ ఏమీ అనడం లేదే" అన్నాడు. నలుగురం కలిసి ఆయన వంక చూశాం. అసలు ఆ రిటర్నుల వల్లే కదా ఈ పంచాయితీ.

చివరికి బాబాయే ఇక్కడ తగ్గించి అక్కడ పెంచి, అటూ ఇటూ అందరివీ సమానం చేశాడు. ఎవరూ ఎవరికీ చిల్లిగవ్వ బాకీ లేనట్టు. "ఇక గొడవ లేదు, సంతకాలు పెట్టండి" అన్నాడు. పెట్టాం. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మార్చి 24, సోమవారం

అమ్మకి ఎవరు చెప్పారో, మొత్తం తెలిసిపోయింది. అన్నం దగ్గర అడిగింది.

"నా మోకాళ్ళకి ఎంత రాశార్రా?"

చెప్పాను. ఆవిడ చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి తన కాళ్ళని కొత్తగా చూసుకుంది. "ఇంత ఖరీదైనవని తెలిస్తే చిన్నప్పుడు నిన్ను ఎత్తుకుని తిరిగేదాన్ని కాదు" అంది.

తర్వాత నవ్వలేదు. "ఆ పిల్లాడు నా కాలు ఒళ్ళో పెట్టుకుని పట్టేవాడు. వాడు చేసింది నువ్వూ, నువ్వు చేసింది వాడూ లెక్కపెట్టారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. నేనింక ఆ క్లినిక్ గుమ్మం ఎక్కను."

ఎక్కకపోతే నొప్పి పెరుగుతుందన్నాను. పెరగనీ అంది.

మార్చి 31, సోమవారం

కాగితాలు ఇచ్చేశాను. నిదానం మేడమ్ రెండువైపులా కూడి చూసి "చక్కగా సరిపోయాయే" అంది. ఇంత సంతోషంగా ఆమెని ఎప్పుడూ చూడలేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

గెలిచాం. రిజిస్ట్రేషన్ ఉంది. జరిమానా కట్టేశాను, అది కూడా అనుకున్నదానికంటే తక్కువే. బావకి ఫోన్ చేసి మరీ చెప్పాను. "ఓహో, మంచిది" అన్నాడు. మంచిది అన్న మాటని అంత చెడ్డగా పలకడం ఆయనకే చెల్లింది. మా ఆవిడ వాళ్ళ వదినకి విడిగా ఫోన్ చేసింది, క్షేమసమాచారాల కోసమట. అరగంటసేపు క్షేమం చెప్పింది.

సాయంత్రం ఇంట్లో స్వీటు తెచ్చుకుని తిన్నాం. ముగ్గురికీ పంపుదామని మాతో కలిపి నాలుగు డబ్బాలు కొన్నాను. పంపలేదు. మూడు డబ్బాలు బల్ల మీదే ఉన్నాయి. మా అమ్మాయి ఒకటి తెరిచేసింది.

ఏప్రిల్ 19, శనివారం

అమ్మాయి యూనిఫాముకి బొత్తాలు ఊడితే టైలరమ్మ కుట్టి పంపింది. దానితోపాటు చీటీ, ఇంత అని. ఇచ్చి పంపాను. మంచి పద్ధతే ఇది. ఎవరి డబ్బు వాళ్ళకి. ఎవరికీ మొహమాటం లేదు.

డాక్టరు వీధిలో ఎదురుపడ్డాడు. "ఏం మేస్త్రీ" అన్నాడు. "ఏముంది డాక్టరూ" అన్నాను. ఇంతకుముందు ఇదే మాటతో మొదలై గంటసేపు నడిచేది.

ఏప్రిల్ 27, ఆదివారం

మోకాలు వాచింది. వేరే వీధిలో ఇంకో క్లినిక్‌కి వెళ్ళాను. టోకెన్ తీసుకుని కూర్చుని, డబ్బు కట్టి చూపించుకున్నాను. ఆయన బాగానే పట్టాడు. గొంతుక్కూర్చోవద్దని మర్యాదగా చెప్పాడు. మర్యాదగా చెబితే వినబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి ఆ మాట మా ఆవిడతో అన్నాను. ఆవిడ కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండా చెప్పింది.

"మీరు క్లినిక్ బాత్రూమ్ చేశాక మన డాక్టరు అత్తయ్య కాళ్ళు చూశాడు. అది ఎక్కువైపోయిందని మీరు వెళ్ళి గోడలకి కూడా టైల్స్ వేశారు. అది ఎక్కువైందని ఆయన మీ కాళ్ళు మొదలుపెట్టాడు. ఎవరో ఒకరు బాకీ ఉన్నన్నాళ్ళూ గుమ్మం తొక్కుతారు. నేనైతే పరదాలు పొట్టిగా వచ్చినా ఎందుకు మాట్లాడలేదనుకుంటున్నారు? ఇప్పుడు సమానం చేసుకుని సంతకాలు పెట్టుకున్నారుగా. ఇంక ఎవరు ఎందుకు వస్తారు?"

"ఈ ముక్క ఆ రోజు చెప్పొచ్చుగా" అన్నాను.

"ఆ రోజు నేనూ పరదాల గురించి అరుస్తున్నానుగా" అంది.

ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు తరుగుతోంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మే 2, శుక్రవారం

క్లినిక్ ముందు వేరే కాంట్రాక్టరు వ్యాను ఆగి ఉంది. టైల్స్ పెట్టెలు దించుతున్నారు. బాత్రూమ్ పక్కన ఇంకో గది వేయిస్తున్నాడట. మంచిదే, ఆయన డబ్బు, ఆయన గది. నాకేం సంబంధం?

మే 3, శనివారం

చవకరకం టైల్స్. నాకేం సంబంధం?

మే 6, మంగళవారం

అమ్మ మెట్లు దిగడం మానేసింది. కాళ్ళ నొప్పి కాదట, కింద చూడాల్సిందేమీ లేదట.

మే 11, ఆదివారం

పొద్దున్న కాఫీ తాగుతుంటే గేటు దగ్గర డాక్టరు. పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి ఉంది. చెప్పుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"క్లినిక్ మునిగిపోతోంది" అన్నాడు.

"నీ కాంట్రాక్టరుని పిలువు."

"ఫోన్ ఎత్తడం లేదు."

"ఆదివారం కదా, సెలవు."

"రావా అయితే?"

అలా అని గేటు పట్టుకుని నిలబడ్డాడు. బయటివాడితో మాట్లాడినట్టు నేను, బయటివాడిలా ఆయన. నాకే సిగ్గేసింది. కాఫీ గ్లాసు అక్కడే పెట్టి సంచీ తీసుకుని నడిచాను.

పాత బాత్రూమ్‌లో, నేను కట్టిన దాంట్లో, నీళ్ళు పైకి తన్నుతున్నాయి. పక్క గది గొట్టాన్ని ఆ మహానుభావుడు నా గొట్టంలోకే కలిపి, మిగిలిన సిమెంటు కడిగిన నీళ్ళు కూడా అందులోకే వదిలాడు. గొంతుక్కూర్చుని మూత తీసి చెయ్యి పెట్టాను. సిమెంటు పెళ్ళలు వచ్చాయి. ఇంకా లోపలికి పెడితే ఒక రబ్బరు చేతి తొడుగు వచ్చింది, ఐదు వేళ్ళూ నిండి బిగుసుకుపోయి, ఎవరో లోపల్నుంచి చెయ్యి అందిస్తున్నట్టు. డాక్టరు నవ్వు ఆపుకోవాలని చూశాడు. నేనూ చూశాను. ఇద్దరివల్లా కాలేదు. అంతగా నవ్వి ఎన్నాళ్ళైందో.

నీళ్ళు గుడగుడమని దిగిపోయాయి. లేవబోయాను, మోకాలు పట్టేసింది. ఆయన ఆ తడినేల మీదే చతికిలబడి, నా కాలు లాగి ఒళ్ళో పెట్టుకుని నొక్కడం మొదలుపెట్టాడు. ప్రాణం పోయిందనుకున్నాను. తర్వాత ప్రాణం వచ్చింది.

"ఎవడు పట్టాడు దీన్ని?" అన్నాడు.

"వేరే వీధిలో ఒకాయన."

"పిండి పిసికినట్టు పిసికాడు, గాడిద."

"నీ గొట్టంలో చేతి తొడుగు పెట్టినవాడి కంటే నయమే."

లేచి నిలబడ్డాం. గోడకున్న రేట్ల బోర్డు ఇద్దరికీ ఎదురుగానే ఉంది. ఆయన జేబులోంచి పర్సు తీశాడు. తీసి పట్టుకుని నిలబడ్డాడు, ఇవ్వాలో వద్దో తెలియక. నాకు ఆ ఆదివారం మొత్తం కళ్ళముందు తిరిగింది, గీతల కాగితం, గుణకారాలు, చిన్నదే అన్న మాట.

"ఎంత?" అన్నాడు.

"లోపల పెట్టు."

"కాలు పట్టానుగా, దానికీ దీనికీ సరిపోయిందంటావా?"

"ఎక్కడ సరిపోయింది? ఆదివారం పొద్దున్నే వచ్చాను, కాఫీ వదిలేసి వచ్చాను. నువ్వు పట్టింది ఒక్క మోకాలే." పర్సు పట్టుకున్న చెయ్యి వెనక్కి నెట్టాను. "సరిపోలేదు డాక్టరూ. నువ్వు నాకు బాకీ ఉండు."

ఆయన పర్సు జేబులో పెట్టుకున్నాడు. "సరే, ఉంటాను" అన్నాడు. నా సంచీ అందిస్తూ "పాత బాత్రూమ్ చిన్నది కాదు మేస్త్రీ. ఆ రోజు నోరు జారింది" అన్నాడు.

సాయంత్రం మా ఇంటికొచ్చి అమ్మ ముందు నేల మీద కూర్చున్నాడు. అమ్మ వాడి వైపు చూడలేదు. కాలు మాత్రం ముందుకు చాపింది.

మే 12, సోమవారం

నెలనెలా ఇవ్వాల్సిన కాగితం నింపడానికి లెక్కల బాబాయి రమ్మన్నాడు. వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని అడిగాడు, "ఈ నెల మార్పిడి పనులేమైనా ఉన్నాయా అబ్బాయ్?"

మళ్ళీ దాచితే రిజిస్ట్రేషన్ పోతుందని నాకు తెలుసు. పోతే బావ కారు అద్దం దించుతాడనీ తెలుసు. మా ఆవిడ వదిన ముందు నిలబడాలనీ తెలుసు. పన్నెండేళ్ళు ఏమీ తెలియక నిజాలు రాసినన్నాళ్ళూ నన్ను దొంగలా చూశారు. ఇవాళ అన్నీ తెలిసి నోరు తెరిచాను.

"ఏమీ లేవు బాబాయ్" అన్నాను.

ఆయన కళ్ళజోడు పైనుంచి నా వంక చూశాడు. క్లినిక్ మునిగిన సంగతి వీధిలో అందరికీ తెలుసు, డాక్టరు మా ఇంట్లో భోంచేసిన సంగతీ తెలుసు. ఏమీ లేవు అని గుండ్రంగా రాసి కాగితం నా వైపు తిప్పాడు. సంతకం పెట్టాను.

పెన్నుకి మూత పెడుతూ అన్నాడు, "వంటింట్లో కుళాయి కారుతోంది. ఎప్పుడొస్తావ్?"

రేపు పొద్దున్నే వస్తానన్నాను.